ఊయిజా బోర్డు సరదానా, ప్రమాదమా: జిరాక్స్ సెంటర్ కాడ నన్ను మాటిమాటికి అడిగే ప్రశ్నలు

మాది దేవరకొండ. బస్టాండ్ దగ్గర్ల జిరాక్స్, ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణం. హాల్‌టికెట్లు, కులం సర్టిఫికెట్లు, పహాణీలు రోజూ ఉండేటియే గాని అప్పుడప్పుడు ఇంటర్ పోరగాళ్ళు నలుగురు గుంపుగ వచ్చి, ఒకడు ఇంకొకణ్ణి నూకుకుంట, ఫోన్ల ఒక ఫొటో చూపెట్టి "అన్నా ఇది పెద్ద సైజుల ప్రింట్ కావాలె" అంటరు. చూస్తే అర్ధచంద్రం లెక్క ఏ నుంచి జెడ్ దాక అక్షరాలు, కింద అంకెలు, ఒక మూలకు ఎస్, ఇంకో మూలకు నో. ప్రింట్ వచ్చేలోపు నన్ను సవాలక్ష ప్రశ్నలు అడుగుతరు, వాళ్ళు పోయినంక వాళ్ళ అమ్మలు వచ్చి ఇంకో సవాలక్ష అడుగుతరు. ఒక్కొక్కరికి చెప్పి నోరు నొస్తుంది, అందుకే ఒకటేసారి రాసి పెడుతున్న.

అసలు ఇది ఏంది? పేరెట్ల పలకాలె?

ఊయిజా అంటరు, వీజా అంటరు, మన హాస్టళ్ళల్ల ఓజా బోర్డు అంటరు. మా అమ్మయితే అమెరికా వీసా అనుకున్నది, ఇంట్లకెల్లి ఎవరో ఒకరు పోతున్నరని సంబరపడ్డది. అక్షరాలు రాసిన పలక మీద ఒక గ్లాసో రూపాయి బిళ్ళో బోర్లించి ముగ్గురు నలుగురు తలా ఒక వేలు పెట్టి "ఇక్కడ ఎవరన్న ఉన్నరా" అని అడుగుతరు, అది కదిలి ఒక్కొక్క అక్షరం మీద ఆగుకుంట జవాబు చెప్తది. గంతే ఆట.

ఇది పాతకాలపు మంత్రమంట గదా, వేల ఏండ్లదంట?

కాదు. దీనికి పేటెంట్ ఉన్నది, అమెరికాల బాల్టిమోర్ అనే ఊరోళ్ళు తీస్కున్నరు, 1891 ఫిబ్రవరి 10 నాడు వచ్చింది, పేటెంట్ కాయితంల "బొమ్మ లేదా ఆట" అనే రాసి ఉన్నది. అంటే క్యారమ్ బోర్డు, అష్టాచెమ్మ ఎట్లనో ఇదీ గట్లనే దుకాణంల అమ్మిన సరుకు. దానికంటే ముందు 1848ల న్యూయార్క్ రాష్ట్రంల ఫాక్స్ అనే ఇంటి అక్కచెల్లెండ్లు ఆత్మలు తలుపు కొట్టినట్టు టకటక చప్పుడు చేస్తున్నయని లేపిన్రు, దాంతోని అక్కడ ఆత్మలతోని మాట్లాడే పిచ్చి ఊరూరికి పాకింది, ఆ ఊపుల పుట్టిందే ఈ బోర్డు. నలభై ఏండ్లకు, 1888ల, ఆ అక్కచెల్లెండ్లల్ల ఒకామె స్టేజీ ఎక్కి ఆ చప్పుళ్ళు మా కాలి వేళ్ళు ఇరిచి చేసినయే అని ఒప్పుకున్నది. అప్పటికే జనానికి అలవాటైపోయింది, ఎవరింటరు?

1966ల ఆటవస్తువుల కంపెనీ పార్కర్ బ్రదర్స్ దీని హక్కులు కొన్నది, మరుసటేడు వాళ్ళదే మోనోపొలీ ఆట కంటే ఇదే ఎక్కువ అమ్ముడు పోయిందంటరు. అప్పటిదాక పెండ్లి కాని పిల్లలు "నా మొగడు ఎవరు" అని అడుక్కునే సరదా ఆట ఇది. 1973ల ఎక్సార్సిస్ట్ సినిమా వచ్చింది, దాంట్ల చిన్నపిల్ల ఈ బోర్డు తోని ఆడుతది, తర్వాత దయ్యం పడుతది, ఇగ అప్పటి నుంచి దీనికి దయ్యాల బోర్డు అని ముద్ర పడిపోయింది. బోర్డు అదే, భయం తర్వాత వచ్చింది.

మన దేశంల కూడ కొత్తదేం కాదు, ప్లాంచెట్ అని ఆత్మలను పిలిచే ఇసొంటి పద్ధతికే బెంగాల్ల పెద్ద పెద్దోళ్ళు కూసున్నరు, రవీంద్రనాథ్ టాగోర్ అసొంటాయన కూడ 1929ల పోయినోళ్ళతోని మాట్లాడాలని కూసున్నడు. కొడుకును, బిడ్డలను, భార్యను పోగొట్టుకున్న మనిషి. నవ్వబుద్ధి కాదు నాకు.

ఆత్మ లేదంటవు, మరి గ్లాస్ ఎట్ల కదులుతది? నేనైతే నూకలేదు, మా అమ్మతోడు.

నువ్వు నూకలేదనే అనుకుంటున్నవు, నేను నమ్ముతున్న. నూకింది మాత్రం నువ్వే, లేకుంటే నీ పక్కోడు.

ఇది అర్థం కావాలంటే మన బోర్ల కథ గుర్తుకు తెచ్చుకోండ్రి. బోర్ పాయింట్ చూసేటాయన వస్తడు, అరచేతిల టెంకాయ పెట్టుకొని చెల్కల నడుస్తడు, ఒక జాగల టెంకాయ లేసి నిలబడుతది, ఈడ ఏయుండ్రి అంటడు. ఇంకొకాయన రెండు కొమ్మల వేపపుల్ల పట్టుకుంటడు, అది కిందికి వంగుతది. ఆయన మోసం చేస్తలేడు, ఆయన చెయ్యి తిప్పుతున్నదని ఆయనకే తెల్వదు. ఈడ నీళ్ళుంటయని మనసుల అనిపిస్తది, చింతచెట్టు పచ్చగున్నదో, పక్క చెల్కల బోరు పడ్డదో, ఆ అనుకున్నది నరాలల్లకు దిగి చెయ్యి ఇసుమంత ఒంపుతది, టెంకాయ లేస్తది. మా నాయిన అట్ల మూడు బోర్లు ఏపిచ్చిండు, రెండిట్ల దుబ్బ లేసింది, మూడోదాంట్ల ఇంచు నీళ్ళు. టెంకాయ మూడుసార్లూ లేసింది మల్ల.

దీనికి శాస్త్రంల పేరు ఉన్నది, ఐడియోమోటర్ అంటరు, 1852ల కార్పెంటర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ పెట్టిండు. మరుసటేడే మైఖేల్ ఫారడే, అదే మన ఫిజిక్స్ పుస్తకంల కరెంటు ఫారడే, ఒక పరీక్ష చేసిండు. అప్పుడు లండన్ల జనం బల్ల చుట్టు కూసొని చేతులు పెడితే ఆత్మలు బల్ల తిప్పుతున్నయని నమ్ముతున్నరు. ఈయన ఏం చేసిండంటే బల్ల మీద అట్టలు ఒకదానిమీద ఒకటి మెత్తటి బంకతోని అతికించి పైన వాళ్ళ చేతులు పెట్టిచ్చిండు. బల్ల తనంతట తాను తిరిగితే కింది అట్ట ముందు జరగాలె, చేతులు తిప్పితే పై అట్ట ముందు జరగాలె. పై అట్టనే ముందు జరిగింది. ఇంకో తమాషా ఏందంటే, చెయ్యి జరిగితే ముల్లు చూపెట్టేటట్టు ఒక పుల్ల అమర్చి వాళ్ళ కండ్ల ముంగట పెట్టంగనే బల్ల కదులుడే బందైంది.

గ్లాసు మీద నలుగురి వేళ్ళుంటె ఇంకా సులువు. ఎవరి బరువు ఎంతో ఎవరికీ తెల్వదు, జర కదిలిందంటే అందరూ దాని ఎంబడే పోతరు. 2018ల డెన్మార్క్ పరిశోధకులు ఆడేటోళ్ళ కండ్లకు యంత్రం పెట్టి చూస్తే, ఇద్దరిల ఎవరో ఒకరి కన్ను గ్లాసు కంటె ముందే తర్వాతి అక్షరం మీదికి పోయి కూసుంటున్నదని తేలింది.

ఇంట్ల మేమే చూసుకునే పరీక్ష ఏమన్న ఉన్నదా?

ఉన్నది, నా దుకాణంలనే చేసిపిచ్చిన. సాయంత్రం పిల్లలు నలుగురు ఒకటే పట్టు, అన్నా ఇది నిజంగ మాట్లాడుతది అని. కౌంటర్ మీద ప్రింట్ పెట్టి రూపాయి బిళ్ళ పెట్టిన. చూసుకుంట ఆడితే "ఎవరు నువ్వు" అంటే చక్కగ ఆర్ ఏ జే యూ అని చెప్పింది. తర్వాత నలుగురికి దస్తీలు కట్టిన, కట్టినంక చప్పుడు చేయకుండ ప్రింట్ తలకిందులు తిప్పిన. మల్ల అదే ప్రశ్న. బిళ్ళ మస్తు జోరుగ పోయింది, తడబాటే లేదు, పోయి పోయి క్యూ, కాయితం బయట ప్లాస్టిక్ స్టూల్ మీద ఒకసారి, ఎక్స్, మల్ల క్యూ, అంకె 4. దస్తీలు తీసి రాసింది చూపెట్టిన. రాజు కాస్త క్యూ ఎక్స్ క్యూ 4 అయిండు. ఆత్మకు కండ్లు లేవు గదా సరే, కాని మీ కండ్లు మూస్తే ఆత్మకెందుకు కనబడదు? ఒకడన్నడు "అన్నా, దస్తీ కట్టినమని దానికి కోపమొచ్చింది" అని. గట్టిగ నమ్మినోనికి ఏ పరీక్షా ఆనదు.

మరి మాకు అస్సలు తెల్వని సంగతి కూడ చెప్పింది, అదెట్ల?

రెండు కారణాలుంటయి. ఒకటి, నీకు తెల్వదని నీవు అనుకుంటున్నవు గాని ఎప్పుడో ఇన్నది మూలకు పడి ఉంటది. 2012ల కెనడాల బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు కండ్లకు గంతలు కట్టి ఎస్, నో ప్రశ్నలు అడిగిన్రు, పక్కన ఇంకొకరు వేలు పెట్టిన్రని నమ్మిచ్చి వాళ్ళ చెయ్యి మెల్లగ తీసేసిన్రు, అంటే కదిపేది ఒక్కరే. నోటితోని అడిగితే "తెల్వదు, ఏదో ఊహిస్తున్న" అన్న ప్రశ్నలకు సగం దాక కరెక్ట్, అదే బోర్డు మీద వందకు 65 దాక. చెయ్యికి తెలిసింది నోటికి తెల్వకపోవచ్చన్నట్టు.

రెండోది, ఎవరికో తెలిసే ఉంటది, చెప్పినట్టు కాకుండ చెప్పాలె. 1978ల ఇటలీల ఆల్డో మోరో అనే మాజీ ప్రధానిని ఎత్తుకపోయిన్రు. బొలోన్యా దగ్గర కొందరు ప్రొఫెసర్లు సాసర్ పెట్టుకొని ఆత్మలను అడిగితే గ్రాడోలీ అనే మాట వచ్చిందని పోలీసులకు చేరేసిన్రు. పోలీసులు గ్రాడోలీ అనే ఊరికి పోయి ఇల్లిల్లు గాలించిన్రు, ఏం దొరకలే. తర్వాత చూస్తే రోమ్ పట్నంలనే గ్రాడోలీ అనే గల్లీ ఉన్నది, ఎత్తుకపోయినోళ్ళ రూమ్ ఆడ ఉండె. మోరోను బతికించుకోలేకపోయిన్రు. ఆ కూసున్నోళ్ళల్ల ఒకాయన, రొమానో ప్రోది, తర్వాత ఇటలీ ప్రధాని అయిండు. ఆత్మ పేరు చెప్పి, ఆ సంగతి చెప్పిన అసలు మనిషిని కాపాడిన్రని అక్కడోళ్ళు శానమంది ఇప్పటికీ అంటరు, నాకూ గట్లనే అనిపిస్తది.

చదువుకున్నోళ్ళు కూడ నమ్ముతరా గింత?

కోర్టులనే నమ్మిన్రు. 1994ల ఇంగ్లండ్‌ల ఒక హత్య కేసుల తీర్పు చెప్పాల్సిన జ్యూరీ వాళ్ళల్ల కొందరు రాత్రి హోటల్ రూమ్‌ల గ్లాసు, చీటీలు పెట్టి సచ్చిపోయినాయన్నే "నిన్ను ఎవరు సంపిన్రు" అని అడిగిన్రు. నిందితుని పేరే వచ్చింది, రాకపోతే ఆశ్చర్యం, రోజంత కోర్టుల ఇన్నది ఆ పేరే గదా. సంగతి బయటపడి పై కోర్టు మల్ల కొత్తగ విచారణ చేయమన్నది. రెండోసారి కూడ ఆయనకు శిక్ష పడ్డది, గాని ఈసారి సాక్ష్యాలతోని.

మన దిక్కు సచ్చిపోయినోళ్ళు మాట్లాడరా మరి?

మాట్లాడుతరు, మనం నమ్మే పద్ధతిల. మూడో దినం పిట్టకు పెడుతం, కాకి ముట్టకపోతే "నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం, రంది పెట్టుకోకు" అని చేతులు జోడిస్తం, అప్పుడు వచ్చి ముడుతది. అదీ ఎస్, నో నే. పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యమిస్తం, అదే దినం పొద్దుగూకంగ ఎంగిలిపూల బతుకమ్మ. ఎరుకలామె సోది చెప్తది, ఎల్లమ్మ పండుగకు శివమొచ్చినామె ఇంటోళ్ళ ముచ్చట్లన్నీ అడుగుతది. నేను ఇవ్వన్నీ గొప్పయి, బోర్డు తప్పు అంటలేను. గాని తేడా ఒకటున్నది, పిట్టకు పెట్టే కాడ ఇరవై మంది ఉంటరు, ఏడిసేటోళ్ళను పట్టుకునేటోళ్ళుంటరు, అయిపోయినంక తానం చేసి బువ్వ తింటరు. ఓజా కాడ రాత్రి పన్నెండింటికి తలుపేసుకొని పదహారేండ్ల పోరగాళ్ళు నలుగురే.

మా అవ్వ పోయిన ఏడాది నేను ఇంటర్ సెకండియర్, నల్లగొండల హాస్టల్ల ఉన్న. కరెంటు పోయినప్పుడు క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లి, చుట్టు చీటీలు పెట్టి, కొవ్వొత్తి ముట్టిచ్చి అవ్వను పిలిసిన. బిళ్ళ "ఎన్ యూ వీ యూ బాగ చదువు" అన్నట్టు ఇంగ్లీష్ అక్షరాలల్ల, అచ్చం మేము ఫోన్‌ల మెసేజ్‌లు కొట్టే స్పెల్లింగ్‌ల చెప్పింది. నేను ఏడ్సిన. తెల్లారి బాత్రూమ్ కాడ లైన్ల నిలబడ్డప్పుడు ఎలిగింది, మా అవ్వకు వేలిముద్ర తప్ప సంతకం రాదు, పింఛన్ బుక్ కూడ నేనే చదివి చెప్పేటోణ్ణి, ఇంగ్లీష్ ఎప్పుడు నేర్సుకున్నది? పైంగ మా అవ్వ నన్ను ఎన్నడు నువ్వు అనలే, "ఒరే నా కొడుకా" అనేది.

సరే, దయ్యం లేదు. అయితే భయమేం లేదు అన్నట్టే గదా?

ఆగుండ్రి. దీని జవాబే కొంచెం పెద్దది.

బోర్డు మీద కదిలేది మీ మనసు అనుకున్నం గదా, మరి మీ మనసుల ఏమున్నదో అదే బయటికొస్తది. కోపముంటే కోపం. అనుమానముంటే అనుమానం. "నేను ఎప్పుడు సస్త" అని ఒకడు అడిగితే ఏదో అంకె వస్తది, నలుగురూ నవ్వుతరు, ఆ ఒక్కడు నవ్వడు, ఇగ ఆ అంకె వాని తలకాయల కూసుంటది. ఆ తారీకు దాటేదాక బండి నడపని పోరణ్ణి నేను చూసిన.

అంతకంటే పెద్ద ప్రమాదం మన దిక్కు ఉన్నది, అమెరికాల ఉండదు. మా చుట్టాల ఊర్లే వానకాలం మొదట్ల ఒకాయన బర్లు రెండు, వారం తేడాల సచ్చినయి. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పిల్లగాడు నేను చూపెడత అని వాకిట్లనే చాక్‌పీసుతోని అక్షరాలు గీసి గ్లాసు పెట్టిండు. ఇంటోళ్ళు అడిగిన ప్రశ్న "ఎవరు చేసిన్రు". ఏమైంది అని కాదు. ఎవరు అని. గ్లాసు పోయి ఎం దగ్గర ఆగింది. ఆ వాడల ఎం తోని మొదలయ్యే పేర్లు అరడజను ఉంటయి, కాని ఒక్కరన్న మిగిలిన అయిదుగురి దిక్కు చూడలే, అందరి మొకాలు ఎదురింట్ల ఒంటిగ ఉండే ముసలామె దర్వాజ దిక్కే తిరిగినయి. ఆ సాయంత్రం నుంచి ఆమె ఇంటికి పాలు బంద్, ఆమె చేతిల బెల్లం ముక్క తిన్న పిల్లను వీపుల గుద్దిన్రు. బాణామతి అనే మాట ఎవరూ నోటితోని అనలే, అననవసరమే లేదు. పశువుల డాక్టర్ వచ్చి గొంతువాపు అన్నడు, వానలు పడకముందే సూది ఏపిచ్చుకుంటె రాకపోవు అన్నడు. బర్లకు జవాబు దొరికింది, ముసలామెకు దొరకలే. రెండేండ్లు ఆ దర్వాజ ముందు నుంచి చుట్టు తిరిగి పోయిన్రు జనం.

పాలమూరు, మెదక్ దిక్కు బాణామతి పేరు మీద మనుషులను కొట్టిన్రు, పండ్లు రాలగొట్టిన్రు, సంపిన్రు, ఈ సంగతులు పేపర్ల చదివి పెరిగినోళ్ళమే మనం. గసుంటి జాగల గ్లాసు ఒక అక్షరం మీద ఆగుడు ఆట కాదు. అందుకే నేను గట్టిగ చెప్పే మాట ఒక్కటే, "ఎవరు చేసిన్రు" అని అడగకుండ్రి. సినిమా హిట్టైతదా, ఐపీఎల్ ఎవరు కొడుతరు అని అడిగితే నాకేం బాధ లేదు.

ఆడిన నాటి నుంచి నిద్ర పడతలేదు. గుడ్‌బై చెప్పకుండనే లేసినం.

గుడ్‌బై రూలు ఆటల భాగమే, ఆట రక్తి కట్టడానికే, చెప్పకపోతే ఏం కాదు. నిద్ర పట్టకపోవుడు మాత్రం నిజం. రాత్రి గుండెల మీద ఎవరో కూసున్నట్టు, మెలకువున్నా కాలు చెయ్యి కదలనట్టు అయితే అది నిద్ర పక్షవాతం, స్లీప్ పెరాలిసిస్ అంటరు, నిద్ర చెడినోళ్ళకు, పరీక్షల టెన్షన్ ఉన్నోళ్ళకు వస్తది, నిమిషం రెండు నిమిషాలల్ల పోతది. నాలుగు దినాలు టైముకు పండుకోండ్రి, ఒంటిగ పండుకోకుండ్రి, దయ్యాల వీడియోలు బందు పెట్టుండ్రి. రెండు వారాలైనా తగ్గకపోయినా, చెవులల్ల మాటలు ఇనబడినా, సావాలె అనే ఆలోచన వచ్చినా ఆగకుండ 14416 కు ఫోన్ కొట్టుండ్రి. అది సర్కారోళ్ళ టెలిమానస్, పైసలు లేవు, ఇరవై నాలుగు గంటలు, తెలుగుల మాట్లాడుతరు.

అమ్మ దర్గాకు తీస్కపోత అంటున్నది, ఇంకొకరు గుట్టకు పోదాం అంటున్నరు. పోవాల్నా?

పోండ్రి, దాంట్ల నష్టం లేదు, అమ్మకు ధైర్యం, మీకు కూడ. జాన్‌పహాడ్ దర్గాకు పోయి కందూరు చేసి వచ్చినోళ్ళు మా ఇంట్లనే ఉన్నరు. డాక్టర్‌ను ఆపి పోకుండ్రి, రెండూ చేసుకోండ్రి. వాతలు పెడుత, కొడుత, పొగ పెడుత, ఇరవై వేలు తే అన్నోని గడప మాత్రం తొక్కకుండ్రి.

ఎవరు ఆడకపోతే మంచిది?

ఇంట్ల ఈ మధ్యనే మనిషి పోయినోళ్ళు. మనసు బాగలేక మందులు వాడేటోళ్ళు. బాగ చిన్న పిల్లలు. నాకు ఇంట్రెస్ట్ లేదు అన్నోణ్ణి పిరికోడా అని గుంజుకచ్చి కూసోబెట్టుడు కూడ వద్దు, ఎక్కువ దెబ్బ తినేది గసుంటోళ్ళే.

హాస్టల్ల పిల్లలు ఆడుతున్నరు, వార్డెన్‌గ నేనేం చేయాలె?

మేడమ్ ఒకామె అడిగింది ఇది. ఒక పిల్ల కెవ్వున అరిసి పడిపోతే అర్ధగంటల పదిమంది పడుతరు, నటించుడు కాదది, భయం అంటుకుంటది. మొదలు పడ్డ పిల్లను మందిల నుంచి పక్కకు తీస్కపోవాలె, నీళ్ళు తాపి మెల్లగ మాట్లాడాలె, లైట్లెయ్యాలె, వీడియోలు తీయనియ్యొద్దు. ప్రార్థనకు అందరినీ నిలబెట్టి "హాస్టల్ల దయ్యం లేదు" అని మైకుల చెప్తే లేనిది ఉన్నట్టయితది. ఆ తర్వాత, సల్లబడ్డంక, పైన చెప్పిన దస్తీల పరీక్ష సైన్స్ టీచర్‌తోని చేపియ్యుండ్రి. మొదలు పిలిసింది ఎవరిని అని మెత్తగ అడగండ్రి, నూటికి తొంభై సార్లు ఇంట్ల పోయిన మనిషినే పిలిసి ఉంటరు. ఆ పిల్లతోని కూసోవాల్సింది మీరు.

బోర్డు కాలబెట్టాల్నా, బావిల ఏయాల్నా?

చెత్తబుట్టల ఏయుండ్రి. ఏ త్రీ కాయితం అది.

ఫోన్ల యాప్ ఉన్నది, అదైతే?

దాంట్లయితే మనిషి వేలు కూడ లేదు, రాసి పెట్టిన జవాబులే. యాడ్లు చూపెట్టుడు తప్ప ఏ ఆత్మా రాదు.

అన్నా, ఇదంత సరే, ఇప్పుడు ప్రింట్ ఇస్తవా ఇయ్యవా?

ఇస్త. నేనియ్యకపోతే పక్క దుకాణంల తీస్కుంటరు, లేకుంటే నోట్‌బుక్కు చింపి గీసుకుంటరు. ఏ త్రీ బ్లాక్ అండ్ వైట్ పది రూపాయలు. దాంతోని ఇంకొకటి ఇస్త, అక్షరాలన్నీ కలగాపులగం చేసి నేనే తయారు చేసింది, దానికి పైసలు వద్దు. మొదటిదాంతోని ఆడినంక కండ్లకు దస్తీ కట్టుకొని రెండోదాంతోని ఆడి ఏమొచ్చిందో రాసుకొచ్చి నాకు చూపెట్టుండ్రి. రూపాయి బిళ్ళ మీరే తెచ్చుకోండ్రి, గల్లాల చిల్లర లేదు.